కాపర్ అంటే రాగి ఒక్కటేనా?

సంపాదకుడు గారికి,

మీ పత్రిక విద్యార్థుల పేజీలో రోజూ ఐదు ఇంగ్లిష్ మాటలు, పక్కన ఒక్కొక్క తెలుగు మాట వేస్తున్నారు. మొన్న అందులో 'కాపర్ - రాగి' అని చూశాను. తప్పేం లేదు. కానీ ఆ మాట మా ఇంట్లో రెండు రోజులు నలిగింది, అందుకే ఈ ఉత్తరం.

డిగ్రీ చదివే మా మనవరాలు డికెన్స్ రాసిన 'ఆలివర్ ట్విస్ట్' పట్టుకుని కూర్చుంది. 1837లో ధారావాహికగా మొదలైన నవల. అనాథ పిల్లలకు గంజి పోసే చోట ఆగిపోయి, "తాతా, హాలుకు ఒక కొసన కాపర్ ఉందంట, దాంట్లోంచి తోడి పోస్తారంట. రాగులా?" అనింది. మనకు లోహమూ రాగే, సంగటి గింజా రాగే. ఫోన్లో నిఘంటువు చూస్తే లోహం, చిల్లర నాణెం, పోలీసు అని వచ్చింది. పోలీసులోంచి గంజి ఎట్లా తోడతారు? కాస్త కిందికి పోతే ఇంకో చిక్కు. స్పూన్లతో గీకి గీకి గిన్నెలు మెరిపించిన పిల్లలు, ఆ కాపర్‌ను కట్టిన ఇటుకలు కూడా మింగేసేటట్టు చూస్తున్నారట.

ఇటుకలు అనేసరికి నాకు తట్టింది. కొప్పెర! పెద్ద కాగును ఇటుకల కట్టడంలో కూర్చి కింద మంట పెట్టేవాళ్లు. ఇంగ్లండులో బట్టలు ఉడకబెట్టిందీ అట్లాంటి దాంట్లోనే. మొదట్లో రాగిది కాబట్టి ఆ పేరు, ఇనుముతో చేసినా పేరు పోలేదు. మనం స్టీలు గ్లాసు అనడం లేదూ!

"అయితే కొప్పెర, కాపర్ ఒకటే మాటా?" అని పిల్ల సంబరపడింది. వినడానికే పోలిక. వాళ్లది సైప్రస్ దీవి పేరు మీద లాటిన్ నుంచి వచ్చింది, మనదానికి తమిళ కొప్పరై, కన్నడ కొప్పరిగె తోబుట్టువులు.

ఆ మాట నాకు మా అమ్మ దగ్గర అబ్బింది. 1952 కరువులో నన్ను చంకన వేసుకుని గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడిన మనిషి. వెనకున్నోళ్లకు కొప్పెర కనపడేది కాదంట, చెవులే ఆధారం. గరిటె అడుగున గీరుకున్న చప్పుడు వినపడితే ఇంక తమదాకా రాదని తెలిసిపోయేదంట. ఇది విన్నాక ఆ ఇటుకలు మింగే చూపు గురించి మనవరాలికి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

నా మనవి ఒకటే. ఐదు మాటలొద్దు, రెండే వేయండి, అవి వచ్చిన వాక్యంతో సహా. రేపెప్పుడైనా 'గ్రూయెల్' వస్తే గంజి అని సరిపెట్టకండి. ఆలివర్ ఇంకొంచెం పెట్టమని అడిగింది అన్నం వార్చిన గంజి కోసం కాదు. అది ఓట్స్ పిండి నీళ్లలో కాచిన పలుచటి జావ. మా అంబలికి దగ్గరి చుట్టం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
అనంతపురం