ఎల్‌డీహెచ్ ఎక్కువొస్తే ముందు ట్యూబు చూడు

ఒరేయ్ రాంబాబూ,

ఎల్‌డీహెచ్, అదే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైము, రిపోర్టులన్నీ ఎక్కువొస్తున్నాయనీ, మెషీన్ మార్చేద్దామంటున్నారనీ రాశావు. ఆగండ్రా బాబూ! ముందు ఆ ట్యూబు వెలుతురుకి పెట్టి చూడు. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు, కాస్త గులాబీ రంగు తిరిగినా దొంగ దొరికినట్టే: ఎర్ర కణాలు చితికి లోపలిది బయటికొచ్చిందన్నమాట.

ఎర్ర కణాలకి మైటోకాండ్రియా ఉండవు కదా, వాటి బతుకంతా గ్లైకోలిసిస్ మీదే, అంటే గ్లూకోజ్‌ని పైరువేట్‌గా విరిచి శక్తి తీసుకోవడం మీదే. అది సాగాలంటే ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీ అనే సహాయక అణువు అయిపోకూడదు; వాడేకొద్దీ అది ఎన్ఏడీహెచ్ అయిపోతుంటుంది. అందుకే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ పైరువేట్‌ని లాక్టేట్ చేస్తూ, ఎన్ఏడీహెచ్‌ని మళ్లీ ఎన్ఏడీగా మార్చేస్తుంటుంది. ఆ కణాల్లో ఈ ఎంజైము సీరంలోకంటే వంద రెట్లకు పైమాటే. కాసిని కణాలు చితికినా రిపోర్టు గోవిందా.

కాబట్టి స్పిరిట్ ఆరాకే గుచ్చమను. సిరంజితో తీస్తే సూది విప్పేసి, రక్తాన్ని ట్యూబు గోడ వెంట మెల్లగా జార్చాలి. సూదిలోంచే గట్టిగా నొక్కి కొడతారు చూడు, సగం గొడవ అక్కడే. అరగంట కదపకుండా గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ చేసి, వెంటనే సీరం వేరుచెయ్. రేపు చూద్దాంలే అని ఫ్రిజ్‌లో తోస్తే ఈసారి విలువ పడిపోతుంది. లివర్‌లో ఎక్కువుండే ఎల్‌డీ-5 అనే ఎల్‌డీహెచ్ రకం చలికి ఆగదు. ఆ రోజే చేసేసెయ్, అంతవరకూ బయటే ఉంచు.

ఇక పైరువేట్ కిట్ సంగతి. దాని రియేజెంట్‌లో, అంటే పరీక్ష ద్రావణంలో, పైరువేట్, ఎన్ఏడీహెచ్ ఉంటాయి; సీరంలోని ఎంజైము వాటిని లాక్టేట్, ఎన్ఏడీగా మారుస్తుంది. 37 డిగ్రీలకి వేడెక్కిన 1 మి.లీ. రియేజెంట్‌లో 20 మైక్రోలీటర్ల సీరం కలుపు. మొదటి నిమిషం వదిలేసి, తర్వాతి మూడు నిమిషాలూ 340 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్, అంటే ద్రావణం ఎంత వెలుతురు పీల్చిందో, తీస్కో. అక్కడ వెలుతురు పీల్చేది ఎన్ఏడీహెచ్, ఎన్ఏడీ కాదు. అందుకే రీడింగ్ తగ్గుతూ పోవాలి. నిమిషానికి తగ్గిందెంతో దాన్ని 8199తో గుణించు. అంటే మొత్తం పరిమాణం 1.02ని, ఎన్ఏడీహెచ్ వెలుతురు పీల్చే గుణకం 6.22తో, సీరం పరిమాణం 0.02తో భాగించి వెయ్యితో హెచ్చవేసినది. నిమిషానికి 0.030 పడితే లీటరుకి 246 యూనిట్లు. సీరం పరిమాణం మారిస్తే ఈ ఫ్యాక్టర్ కూడా మారాలి. పాతదే మెషీన్‌లో ఉండిపోయిందేమో అదీ చూడు.

అన్నిటికన్నా మోసం చేసేది మరీ ఎక్కువున్న శాంపిలే. మొదటి నిమిషంలోనే ఎన్ఏడీహెచ్ ఖాళీ అయిపోతుంది, ఆపైన గీత అడ్డంగా సాగుతుంది, మెషీన్ నింపాదిగా తక్కువ విలువ చూపిస్తుంది! మొదటి రీడింగే బాగా కిందుంటే నమ్మకు. ఒక వంతు సీరానికి తొమ్మిది వంతుల సెలైన్ కలిపి మళ్లీ పెట్టి, వచ్చినదాన్ని పదితో గుణించు. సీరం వెయ్యకుండానే రీడింగ్ తక్కువుంటే మాత్రం రియేజెంట్ పాడైనట్టే, పారబొయ్యి.

ఈ వారం కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) చార్టు ఫోటో పంపు. కంట్రోల్ సరిగ్గా ఉండి పేషెంట్లవే ఎక్కువొస్తుంటే మెషీన్ జోలికి పోవద్దు.

నీ
సూరి