అంగన్‌వాడీ పైకప్పునూ పట్టించుకోండి

సంపాదకులకు నమస్కారం.

అంగన్‌వాడీ కేంద్రాల గోడల మీద అక్షరాలు, పండ్లు, జంతువుల బొమ్మలు వేయిస్తున్నారు. సంతోషం. అయితే మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలను చాపల మీద పడుకోబెడతాం. అప్పుడు వాళ్లకు కనిపించేది గోడ కాదు, పైకప్పు. అక్కడ ఫ్యాను, ట్యూబులైటు తప్ప ఏమీ ఉండవు. ఉయ్యాలపైన చిలకలు కట్టే ప్రతి తల్లికీ తెలుసు, పడుకున్న బిడ్డ చూపుకు పైన ఏదో ఒక ఆసరా కావాలని.

మా కేంద్రంలో ఫ్యానుకు దూరంగా, కిటికీ ఉన్న మూలలో, గోడకూ గోడకూ మధ్య ఇనుప తీగ కట్టించాను. తాటాకు చిలకలు, చేపలు వేలాడదీశాం. పెద్దల తలకు తగలవు, పిల్లల చేతికి అందవు. పూసలు, గుండుసూదులు మాత్రం వాడలేదు. కొత్తగా చేరి ఏడ్చే పిల్లలను ఎత్తుకుని మా ఆయా నేరుగా అక్కడికే వెళ్తుంది. పైన, కింద, దగ్గర, దూరం అనేవి పలక మీద నేర్పలేం. ఆ తీగ కింద నిలబెట్టి అడిగితే మూడేళ్ల పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975లో మొదలైనప్పటి నుంచీ మా పనిలో ఇలాంటి చదువూ ఒక భాగమే కదా!

అలాగని గదంతా నింపకూడదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో కిండర్‌గార్టెన్ పిల్లలపై చేసిన అధ్యయనంలో, గోడల నిండా అలంకరణలున్న గదిలో పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరిందని, నేర్చుకున్నది తగ్గిందని తేలింది. అందుకే పాఠం చెప్పే చోట ఏమీ కట్టను. నిద్రపోయే మూలలో నాలుగైదు బొమ్మలు చాలు, అప్పుడప్పుడు మారుస్తుంటే చాలు. పుట్టినరోజుకు కట్టిన తళుకు కాగితాలను దుమ్ము పట్టేదాకా ఉంచడం నాకు అసలు నచ్చదు.

కొండపల్లి కళాకారులు వాడే తెల్లపొణికి కర్ర చాలా తేలిక. ఆ కర్రతో పక్షులు చేయించి కేంద్రాలకు ఇస్తే వాళ్లకు పని, మా పిల్లలకు మంచి బొమ్మలు దొరుకుతాయి.

కొత్త భవనాలకు అంచనాలు వేసే ఇంజనీర్లకు నా మనవి ఒక్కటే. స్లాబు పోసేటప్పుడే నాలుగు ఇనుప కొక్కేలు వదలండి. ఆ ఖర్చు ఎంతో కాదు. తర్వాత రంధ్రాలు వేయించాలంటే మనిషి దొరకడు, పెచ్చులూడే పాత స్లాబుకైతే కుదరనే కుదరదు. అద్దె ఇళ్లలో మేకు కూడా కొట్టనివ్వరు కాబట్టి, అలాంటి కేంద్రాలకు నిలువు కర్రలతో సహా ఒక వెదురుగడ ఇప్పించండి.

— ఒక అంగన్‌వాడీ టీచర్, కాకినాడ జిల్లా