మండువా ఇల్లు బాగుచేయించే వాళ్ళ తిప్పలు

ఎడిటర్ గారికి నమస్కారం,

కోనసీమలో మండువా ఇళ్ళు, అంటే నడిమధ్య భాగం కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే పాత పెంకుటిళ్ళు, పడగొట్టేస్తున్నారని బాధపడేవాళ్ళే అంతా, ఉంచుకుని బాగుచేయించుకునేవాడి గోడు మాత్రం ఎవరికీ పట్టదండి. మా తాతగారు కట్టించిన ఇల్లు, 1996 నవంబరు తుపానుకి పెంకులు లేచిపోయాయి తప్ప గోడ బీటలు కూడా వెయ్యలేదు. పిల్లలకి ఎటాచ్డ్ బాత్రూం కావాలి, అమ్మకి మోకాళ్ళు వంగవు, సరే పెరటి వైపు రెండు గదులు పెంచుదామని మొదలెట్టాం.

మొదటి మేస్త్రీ ఏం చేశాడంటే, సున్నం గోడ పెచ్చులూడుతోందని దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్ కొట్టేశాడు, ఒక్క వానాకాలం తిరిగేసరికి మోకాలెత్తు చెమ్మ, తెల్లగా ఉప్పు, వేలితో గీస్తే పొడిపొడిగా రాలిపోవడం. సున్నం గోడ పీల్చిన తడిని మళ్ళీ బయటికి వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది, ఈ ముక్క మాకు డబ్బులు పోయాకే తెలిసింది. అదంతా చెక్కించి మళ్ళీ సున్నమే పూయించాం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం కలిపి సున్నం తయారుచేసే పెద్దాయన ఒకరు దొరికారు కాబట్టి సరిపోయింది, ఆయన కొడుకేమో టైల్స్ పనికి పోతున్నాడు.

ఆ తెరిచి ఉన్న మండువా మీద గాజు పలకలు వేసి మూసేయమని ఊరంతా సలహాలే, మూస్తే వేడిగాలి ఎటు పోవాలి? కోతులు దిగకుండా ఇనప గ్రిల్ పెట్టి వదిలేశాం. కొత్త గదులకి వేరే పునాది తీసి, పాత గోడకి ఆనించకుండా మధ్యలో చిన్న వసారా వేశాం.

ఐటీఐల్లో తాపీపనితో పాటు సున్నం పని కూడా నేర్పమని మీ పేపర్ ద్వారా అధికారుల్ని అడుగుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర పల్లె నుంచి