చక్రాల గూటికి ఏ రంగు వేయాలి, నాన్నా?

ప్రెస్టన్,
ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి.

నాన్నకు నమస్కారాలు. అమ్మా, నీకు కూడా. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం.

కంటి ఆపరేషన్ తర్వాత నాన్న కొన్నాళ్లు చదవకూడదని డాక్టరు చెప్పారు కాబట్టి ఈ ఉత్తరం చదివి వినిపించే పని నీదే, అమ్మా. విసుగొచ్చి రెండు పేజీలు ఒకేసారి తిప్పేయకు. ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోను తీస్తే నాన్న "బాగున్నావా, పిల్లవాడు బాగున్నాడా, ఇదిగో అమ్మకిస్తున్నాను" అంటారు. నేను దేశం దాటినప్పటి నుంచీ ఆ వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. ఉత్తరమైతే అలా ఇంకొకరి చేతిలో పెట్టి తప్పించుకోలేరు.

విషయమేమిటంటే, నాన్నా, నేను విమానం కడుతున్నాను.

మూడు వారాల కిందట వానకు తలదాచుకుందామని ఒక పాత సామాన్ల దుకాణంలో దూరాను. పింగాణీ కప్పులు, ఎవరో వదిలించుకున్న ఉన్ని కోట్లు, వాటి అడుగున మూల నలిగిన ఒక అట్టపెట్టె. దాని మీది బొమ్మ చూడగానే కాళ్లు ఆగిపోయాయి. సన్నని ఒళ్లు, వెడల్పాటి రెక్కలు, ఆ రెక్కల్లోనే ఇమిడిపోయిన రెండు పొడవాటి ఇంజన్లు. కాన్‌బెరా, మన వాయుసేన నడిపిన ఇంగ్లీషు జెట్ విమానం. అందులోనూ ఫొటోలు తీయడానికే చేసిన రకం. అసలు విమానంలో 72వ వంతు ఉండే ప్లాస్టిక్ కిట్టు, ఆరు పౌండ్లు. బేరం కూడా ఆడలేదు. (అమ్మా, ఆ ఒక్క ముక్క వినబడనట్టు ఉండు.)

మీరు పనిచేసిన విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ బెంగళూరులో మ్యూజియం తెరిచిన కొత్తలో తమ్ముణ్ణీ నన్నూ తీసుకెళ్లారు, గుర్తుందా నాన్నా? కాన్‌బెరా రెక్క కింద నీడలో నిలబడి, చక్రాలు ముడుచుకునే గూటిలోకి తలెత్తి చాలాసేపు చూశారు. ఏం చూస్తున్నారని అడిగితే "ఏమీ లేదు, పద, ఐస్‌క్రీం తింటావా" అన్నారు. విమానాలను విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ షాపులో జుట్టు నెరిసేదాకా పనిచేసిన ఫిట్టరు కూతురికి చెప్పిన విమానపాఠం అంతే. మురుగేశ్‌పాళ్యలో మన మిద్దె మీదుగా ఏదైనా జెట్ వెళితే అమ్మ మాట మధ్యలో ఆపి, ఆ మోత దాటిపోయాక సరిగ్గా ఆ అక్షరం దగ్గరే అందుకునేది. మదనపల్లె నుంచి చుట్టాలొస్తే మొదటి రోజంతా చెవులు మూసుకుని కూర్చునేవాళ్లు. మీరు మాత్రం తల ఎత్తకుండానే ఏ విమానమో చెప్పేసి అన్నం కలుపుకునేవారు. పేరు తప్ప ఇంకేమీ చెప్పేవారు కాదు.

ఇక పనిలోకి వస్తాను. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, తెగిన చోట మిగిలిన బుడిపెను ఆకురాయితో అరగదీయాలి. ఒకే దిక్కుగా తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి అని మీరు నా ఏడో తరగతిలో, స్కూలు ప్రాజెక్టుకు కోసిన రేకు ముక్క మీద నేర్పారు. ఇన్నేళ్ల తర్వాత చేతికి అదే గుర్తొచ్చింది, నాకు కాదు. ఇక్కడి జిగురు మన జిగురు లాంటిది కాదు, నాన్నా. నీళ్లలా పలచగా ఉంటుంది. రెండు ముక్కలూ దగ్గర పెట్టి, కలిసే గీత మీద కుంచె ఆనిస్తే చాలు, తనంతట తానే సందులోకి పాకి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఆరాక రెండూ ఒకటే ముక్క. అంటే అతకడం కాదు, వెల్డింగే. అందుకే ముందు జిగురు లేకుండా అమర్చి చూసుకోవాలి. ఒకసారి కరిగిందంటే దిద్దుకోలేం. నేను రెండుసార్లు అలా చూసుకోవడం మరిచాను. ఎడమ ఇంజను గొట్టం దగ్గర వెంట్రుక మందం మెట్టు మిగిలింది. పుట్టీ పెట్టి, తడి గరుకుకాగితంతో రుద్ది, మళ్లీ పెట్టి, మళ్లీ రుద్ది, దానికే ఒక ఆదివారం హారతి కర్పూరమైపోయింది.

తోక మీద కూలబడకుండా ముక్కులో బరువు పెట్టమని సూచనల కాగితంలో ఉంది. ఈ విమానానికి ముందు ఒక చక్రాల కాలు, వెనక రెండు. ఉత్త ప్లాస్టిక్ అయితే బరువంతా వెనక్కే పోతుంది. ఇంట్లో ఏమున్నాయా అని వెతికితే నా పాత పర్సులో మూడు పావలా బిళ్లలు దొరికాయి. ఆ నాణేలు 2011 జూన్ నెలాఖరు తర్వాత చెల్లవు కదా. పైలట్ సీటు వెనక నిలువుగా దూర్చి, చాలకపోతే గాలానికి కట్టే సీసం గుండ్లు నాలుగు జోడించాను. చెల్లని పావలాలు ఇక్కడ లంకషైర్‌లో చెల్లాయి.

పిల్లవాడు పక్కనే కూర్చుని ప్రశ్నలు వేస్తుంటాడు. "బాంబులు ఎక్కడ పెడతారు?" లేవు, కెమెరాలే. "తుపాకీ?" లేదు. "మరి శత్రువు వెంటపడితే?" ఇంకా పైకి పోవడమే. వాడికి నచ్చలేదు. 1959 ఏప్రిల్ 10న, ఈద్ రోజున, రావల్పిండి దగ్గర పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలు మన కాన్‌బెరాను ఒకదాన్ని పడగొట్టాయనీ, లోపలున్న ఇద్దరూ పారాచూట్లతో దిగి ప్రాణాలతో బయటపడ్డారనీ చెప్పాను. అప్పుడు కాస్త గౌరవంగా చూశాడు. ఇంకో సంగతి చెబితే వాడికి అసలు అర్థం కాలేదు. అమెరికా వాళ్లు ఈ విమానాన్నే లైసెన్సు తీసుకుని బి-57 అని తయారు చేశారు, పాకిస్తాన్ అక్కడి నుంచి తెచ్చుకుంది. 1965 యుద్ధంలో రెండు వైపులా ఎగిరింది దాదాపు ఒకే విమానం. "మరి మనదేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. తాతయ్యను అడుగుతానన్నాను. అడుగుతున్నాను.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. పైలట్ తల మీది గాజుకప్పును తొందరలో సూపర్‌గ్లూతో అతికించాను. తెల్లారి చూస్తే లోపలంతా తెల్లటి పొగ పట్టింది. ఆ జిగురు ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద అలా పేరుకుంటుందట. పైగా అంచున నా బొటనవేలి ముద్ర, గీతలతో సహా. మీరు ఉద్యోగం గురించి ఇంట్లో అన్న ఒకే ఒక్క మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను కళ్లద్దాలు చీర కొంగుతో తుడుచుకుంటుంటే, "కెమెరా అద్దం మీద వేలిముద్ర పడితే కింద ఒక ఊరు మసకబారుతుందనేవాడు మా పైన ఉండే ఛార్జ్‌మన్" అన్నారు. ఆ ముక్క అనేసి మళ్లీ పేపరులోకి వెళ్లిపోయారు. గాజుకప్పును ఊడదీసి టూత్‌పేస్టుతో గంటన్నర రుద్దాను. పొగ పోయింది. ముద్ర సగం పోయింది.

అసలు చిక్కు వేరే ఉంది. సగం కట్టాక తెలిసింది, ఇది మీ విమానం కాదు. పెట్టెలో ఉన్నది పీఆర్ 9 అనే రకం. మన వాయుసేనలో 106వ స్క్వాడ్రన్ నడిపిన ఫొటో విమానాలు పీఆర్ 57, అంటే ఇక్కడి పీఆర్ 7 లాంటివి. చూడగానే ఒకటే అనిపిస్తుంది కానీ పీఆర్ 9కు ఒంటికీ ఇంజనుకూ నడుమ రెక్క మరింత వెడల్పు, చివరలు మరింత పొడవు. పైలట్ గాజుకప్పు యుద్ధవిమానానికి ఉన్నట్టు ఒక పక్కకు జరిగి ఉంటుంది. దారి చూపే నావిగేటరు ముక్కులో కూర్చోవాలి. ముక్కంతా తలుపులా పక్కకు తెరుచుకుంటే అందులోకి దూరి మూసుకోవడమే. మన దానికి గుండ్రటి బుడగ, లోపలికి వెళ్లే తలుపు కుడి పక్కన. రెక్క కోసి, బుడగ మార్చి మీ విమానంగా దిద్దవచ్చు. ఓపిక ఉన్నవాళ్లు దిద్దుతారు కూడా. రంపం చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాను.

మీ అల్లుడు తేలిగ్గా "మన కాషాయం, తెలుపు, ఆకుపచ్చ గుండ్రాలు అంటించెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నారు. కిందున్నది ఉన్నట్టు చూపించడానికే పుట్టిన విమానం మీద తప్పుడు గుర్తులా? మీరు చూస్తారు కదా. ఫొటో పంపితే మొదటి చూపులోనే రెక్క పట్టేసుకుంటారు. అందుకే దీనికి ఇంగ్లీషు గుర్తులే వేస్తాను. మీ విమానం ఇంకో పెట్టెలో దొరికే దాకా వెతుకుతాను.

ఒక విచిత్రం చెప్పాలి. ఇది పుట్టింది ఈ ఊళ్లోనే. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీలో పెటర్ అనే ఇంజనీరు, ఆయన బృందం మొదట్లో దీని గీతలు గీసింది ప్రెస్టన్‌లో ఒక పాత మోటారు గ్యారేజీలో. ఊరికి పడమరనున్న వార్టన్ నుంచి రోలండ్ బీమాంట్ 1949 మే 13న మొదటిసారి ఎగరేశాడు. అది శుక్రవారం. ఇంగ్లీషువాళ్లకు 13వ తేదీ శుక్రవారం వస్తే భయం, అమ్మకేమో శుక్రవారమంటే లక్ష్మీదేవి. ఈ విషయంలో అమ్మ మాటే నెగ్గింది. వీళ్లు తమ చివరి కాన్‌బెరాను 2006 జులైలో పక్కన పెట్టారు. మనవాళ్లు 2007 మే 11న ఆగ్రాలో వీడ్కోలు చెప్పారు. 1957లో కొనుక్కున్న విమానం, కన్నవాళ్ల కంటే తొమ్మిది నెలలకు పైగా ఎక్కువ నడిచింది. అంతకాలం దాన్ని విప్పి, చూసి, మళ్లీ బిగించిన చేతుల్లో రెండు ఎవరివో నాకు తెలుసు. ఇక్కడ ఆఫీసులో ఆ మాట చెబితే ఒక పెద్దాయన కుర్చీ నా వైపు తిప్పుకుని "మీ నాన్నగారు ఏమని చెప్పేవారు?" అన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఐస్‌క్రీం, వేలిముద్ర తప్ప ఏమీ లేవు నాన్నా. సిగ్గేసింది.

కాబట్టి ఇవి రాసి పంపండి. చక్రాల గూడు లోపల ఏ రంగు ఉండేది? వెండి రంగా, ఆకుపచ్చా, లేక నూనె మరకలతో ఏ రంగూ తెలియనంతగా ఉండేదా? సూచనల కాగితం ఒకటి చెబుతోంది, నాకు నమ్మకం కుదరడం లేదు. గూటిలో గొట్టాలు ఎటు నుంచి ఎటు వెళ్లేవి? పొట్ట కింద కెమెరా కిటికీల అద్దాలు దేనితో తుడిచేవారు? ఆ ఛార్జ్‌మన్ ఎవరు, ఏ ఊరాయన? ఆ రోజు మ్యూజియంలో తలెత్తి మీరు చూసిందేమిటి?

కన్ను కుదుటపడ్డాక పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో గీసినా చాలు, తమ్ముడి కూతురు ఫొటో తీసి పంపుతుంది. లేదా తమ్ముడితో కలిసి మ్యూజియం దాకా ఒక్కసారి వెళ్లిరండి. రకం ఏదైనా గూడు గూడే కదా.

అమ్మా, ఇక్కడ చదవడం ఆపి నాన్న ముఖం చూడు. ఏమైనా అంటుంటే ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకో. "ఏముంది, ఏదో ఒక రంగు" అన్నారంటే మాత్రం కాఫీ ఇవ్వకు.

రంగు డబ్బాలు మూడూ తెచ్చి పెట్టుకున్నాను. మూతలు ఇంకా తీయలేదు.

మీ అమ్మాయి

మరచాను: ఉసిరికాయ పచ్చడి అయిపోయింది.