కరపత్రానికి ఉన్న చిరునామా ఫోన్ ప్రచారానికి ఎందుకు లేదు?
ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎన్నికల అధికారి గారికి,

చిక్కడపల్లిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుకుంటూ, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ అన్ని పార్టీలకూ కరపత్రాలు, వాల్‌పోస్టర్లు వేసినవాణ్ణిగా నమస్కరించి రాస్తున్నాను. ఫోన్లలో తిరిగే ఎన్నికల ప్రచారం ఎవరిదో ఓటరుకు తెలిసేలా చేయాలని అర్జీలు ఇచ్చాం, రసీదులు తీసుకున్నాం, గుర్తుచేస్తూ మళ్లీ రాశాం. ఒక్కదానికీ జవాబు రాలేదు కనుక అందరి ముందూ అడగక తప్పడం లేదు.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. కరపత్రం మీద అచ్చువేసినవారి పేరు, వేయించినవారి పేరు, ఇద్దరి చిరునామాలూ ఉండాలి. వేయించేవారు ఇచ్చే ధ్రువపత్రం మీద వారిని స్వయంగా ఎరిగిన ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఎన్ని కాపీలు వేశామో, ఎంత తీసుకున్నామో కూడా రాసివ్వాలి. తప్పితే 6 నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలింగ్ దగ్గరపడి రాత్రంతా మిషన్ ఆడే రోజుల్లో సైతం, సాక్షుల సంతకాలు లేవని పార్టీ కుర్రాళ్లను వెనక్కి పంపేవాళ్లం. అందుకు మాకు బాధ లేదు. అడుగున ఆ చిన్నక్షరాల వరస ఉండబట్టే, అబద్ధం అచ్చయితే ఎవరిని నిలదీయాలో ఓటరుకు తెలిసేది.

ఇప్పుడు ప్రచారం ఫోన్లలోకి వెళ్లింది. మాకు గిరాకీ తగ్గిందని ఈ లేఖ రాయడం లేదు, తగ్గిన మాట నిజమే అయినా. గత ఎన్నికల్లో ప్రచారం బంద్ అయిన 48 గంటల వ్యవధిలో మా వీధి వాట్సాప్ గ్రూపులోకి ఒక ఆడియో వచ్చింది. బరిలోంచి తప్పుకుంటున్నాను, ఫలానా వారికి ఓటెయ్యండి అని ఒక అభ్యర్థి చెబుతున్నట్టుగా, అచ్చం ఆయన గొంతుతోనే ఉంది. పైన ‘ఫార్వర్డెడ్’ అన్న మాట తప్ప ఇంకే గుర్తూ లేదు. పెట్టినాయనను అడిగితే బావమరిది పంపాడన్నారు, బావమరిదిని అడిగితే ఇంకేదో గ్రూపు పేరు చెప్పారు. మర్నాడు క్యూలో నిలబడ్డ పెద్దవాళ్లు కొందరు అది నిజమేననుకున్నారు. ఫిర్యాదు చేయబోతే, ఎవరి మీద అని అడిగారు. అయ్యా, ఎవరి మీదో తెలియకపోవడమే మా ఫిర్యాదు.

అంతకంటే భయపెట్టేది మరొకటి ఉంది. నాయకుడు చౌరస్తాలో మైకు పట్టుకుని మాట్లాడితే ఆ మాట అన్ని కులాలవాళ్లూ, అన్ని బస్తీలవాళ్లూ, గిట్టనివాళ్లూ కలిసి వినేవారు, విలేకరి రాసుకునేవాడు. ఇప్పుడు ఒక గ్రూపులో ఒక హామీ, పక్క గ్రూపులో దానికి పూర్తి విరుద్ధమైన హామీ ఒకే పార్టీ తరఫున తిరుగుతున్నాయి, ఒకరికి వచ్చింది ఇంకొకరికి కనబడదు. రేపు గెలిచాక ఏ మాట పట్టుకుని అడగాలి?

నిబంధనలు లేవని అనడం లేదు. టీవీ ప్రకటనల వివాదం ఈ నగరంలోని హైకోర్టు నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లి, 2004 ఏప్రిల్‌లో ముందస్తు ధ్రువీకరణకు, అంటే ప్రకటనను ప్రసారానికి ముందే చూసి అనుమతించే పద్ధతికి దారితీసింది. 2013లో ఎన్నికల సంఘం దాన్ని సామాజిక మాధ్యమాల ప్రకటనలకూ వర్తింపజేసింది. మన దగ్గర లోక్‌సభ పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు, 2024 మే 6న, డీప్‌ఫేక్‌లు (కృత్రిమ మేధతో చేసిన నకిలీ వీడియోలు, ఆడియోలు) దృష్టికి వచ్చిన 3 గంటల్లోగా పార్టీలు తొలగించాలని ఆదేశించింది. కానీ తమ ఖాతాలో పెట్టినదాన్ని పార్టీ తీసేస్తుంది సరే, ఎవరిదో తెలియని నంబరు నుంచి వేల ఫోన్లకు చేరినదాన్ని ఎవరు తీస్తారు? మూడు గంటలు ఎప్పటి నుంచి లెక్కపెడతారు?

దయచేసి ఒక్కటి చేయండి. నామినేషన్ వేసేటప్పుడు అభ్యర్థులు సొంత సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలు ఇస్తున్నట్టే, తమ తరఫున నడిచే గ్రూపులు, చానెళ్లు, వాటిని నడిపే ఏజెన్సీల పేర్లు, వాటికిచ్చే డబ్బు కూడా రాసివ్వాలని, ఆ జాబితాను ఓటర్లకు కనబడేలా పెట్టాలని ఎన్నికల సంఘానికి సిఫారసు చేయండి. రెండు వేల కాపీల కరపత్రానికి మా చేత పెట్టించిన సంతకం, లక్షల ఫోన్లకు వెళ్లే వీడియోకు ఎందుకు అక్కర్లేదో చెప్పండి. చేయడం మీ పరిధిలో లేదంటే ఆ మాటైనా రాతపూర్వకంగా చెప్పండి, ఎవరి పరిధిలో ఉందో వారి దగ్గరికే వెళతాం.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని,
చిక్కడపల్లి, హైదరాబాద్