ఒకే పుస్తకం నలభై ప్రతులు ఇప్పించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పే టీచరు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం ఇది. ఇదే విషయం మీద ఇప్పటికే కింది ఆఫీసులకి అర్జీలు పెట్టుకున్నాను. మొదట్లో "పరిశీలిస్తాం" అనైనా అనేవారు. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. అందుకే నలుగురూ చదివేలా మీకు రాస్తున్నాను.

మా బడికి లైబ్రరీ పుస్తకాలు రాలేదని నేను అనడం లేదండి. వచ్చాయి, బీరువా నిండింది. అయితే ఏ పుస్తకం చూసినా ఒక్కటే ప్రతి. తొమ్మిదో తరగతిలో నలభై మంది పిల్లలున్నారు, చారిత్రక నవల ఒక్కటుంది. ఒక పాప చదువుతుంటే మిగతావాళ్లు వినాలి. వెనక బెంచీకి వినపడదు. పేరు ఒకలా విని ఇంకోలా రాసుకుంటారు. ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే, ఆ నాలుగు రోజులూ నవల కూడా బడికి రాదు. వెనక్కి తిప్పి ఆ వాక్యం మళ్లీ చూద్దామంటే ఎవరి చేతిలోనూ పుస్తకం ఉండదు. చేతిలో పుస్తకం లేకుండా చదివించడం ఎలాగో నాకు తెలియడం లేదు.

ఒకే పుస్తకం నలభై కొనిపించమని అడిగాను. ఒకే టైటిల్ రెండో ప్రతి కొంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందన్నారు. పోనీ పది ఇవ్వండి, నలుగురికి ఒకటి చొప్పున సర్దుకుంటాం అన్నాను. ఆ పుస్తకం లిస్టులో లేదన్నారు. లిస్టులో చేర్చమని రాసిస్తే లిస్టు పైనుంచి వస్తుందన్నారు. ఆ పైన ఉన్నది మీరే కదా సార్. చివరికి సొంత డబ్బుతో జిరాక్సులు తీయించాను. స్టేపుల్ ఊడి, పేజీలు తారుమారై, కోట తగలబడ్డాక యుద్ధం మొదలవుతోంది ఆ కట్టల్లో. బీరువా మాత్రం తాళంతో ఉంది, ఎందుకంటే పుస్తకం పోతే రికవరీ మా జీతంలోంచి అని భయపెట్టారు. "చదవడం మాకిష్టం" అని 2020లో గోడల మీద రాయించారు. ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి.

ఒక్క పుస్తకం కోసం ఇంత గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. క్లాసులో ఏం జరుగుతుందో చెబుతాను.

మా జిల్లాలో పిల్లలకి బొబ్బిలి యుద్ధం ఇంట్లో కథ. 1757 జనవరి 24 అని తేదీ తెలియకపోయినా తాండ్ర పాపారాయుడు తెలుసు. అమ్మమ్మ నోట విన్నారు, బుర్రకథలో విన్నారు, సినిమాలో చూశారు. కాబట్టి అక్కడే మొదలుపెట్టాను. కథ చదువుతూ నోటుబుక్కులో రెండు వరసలు రాయమంటాను. జరిగిందని చరిత్ర చెబుతున్నది ఒకవైపు, రచయిత ఊహించి రాసింది ఇంకోవైపు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చాడన్నది మొదటి వరస. ముందురోజు రాత్రి బొబ్బిలి రాజు రంగారావు, రాణి మల్లమ్మదేవి ఏం మాట్లాడుకున్నారన్నది రెండో వరస, ఎందుకంటే ఆ గదిలో ఉండి రాసుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఈ తేడా పట్టుకోవడం వచ్చిన పిల్ల రేపు ఫోన్లో వచ్చిన ప్రతి వీడియోనీ నమ్మేయదు. చారిత్రక కథ పిల్లలకి ఎందుకు చెప్పాలని ఎవరడిగినా నా జవాబు ఇదే.

తర్వాత ఒక కుర్చీ వేస్తాం. అందులో కూర్చున్న పిల్లాడు విజయరామరాజు, అంటే బుస్సీని బొబ్బిలి మీదకి తెచ్చిన విజయనగరం రాజు. మిగతా క్లాసు ప్రశ్నలు అడుగుతుంది. "పక్క ఊరి మీదకి పరాయి సైన్యాన్ని ఎందుకు తెచ్చావు?" అని అడిగితే ఆ పిల్లాడు పుస్తకం తిరగేసి, పాత పగలు వెతికి, తన పక్షం చెప్పుకోవాలి. మా క్లాసులో బొబ్బిలి వైపు చుట్టాలున్న వాళ్లూ ఉన్నారు, విజయనగరం వైపు వాళ్లూ ఉన్నారు. మొదటిసారి నిజంగానే కొట్టుకునేంత పనయింది. అప్పుడు పాత్రలు మార్చేశాను. బొబ్బిలి వాడు విజయరామరాజు అయ్యాడు, విజయనగరం వాడు రంగారావు అయ్యాడు. అవతలివాడి మాట తన నోటితో పలికేసరికి గొంతులు తగ్గాయి.

ఒక పాప మల్లమ్మదేవి కుర్చీలో కూర్చుంది. కోట నిలవదని తెలిశాక లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ వాళ్ల మగవాళ్లే చంపేసిన ఘట్టం చదివాం. కంపెనీ కాలపు చరిత్రకారుడు ఓర్మ్ కూడా రాసిన సంగతే అది. ఆ పాప జవాబు చెప్పకుండా తనే క్లాసుని అడిగింది. "మమ్మల్ని ఎవరైనా అడిగారా?" పరువు, పౌరుషం అని ఇన్నాళ్లూ చప్పట్లు కొట్టిన మగపిల్లలు తలొంచుకున్నారు. ఏ గైడు పుస్తకంలోనూ లేని పాఠం అది. దానికి ఎన్ని మార్కులో నాకు తెలియదు.

ఆ వారంతోనే ఆగిపోయింది. లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్లో ఉంది, క్లాసులో మాత్రం లెక్కల రెమెడియల్ నడుస్తోంది. బ్యాగు లేని శనివారం నాటకం రిహార్సల్ పెట్టుకుందామని సంబరపడ్డాం. ఆ రోజు చేయాల్సినది వేరే వచ్చింది, దాని ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి. సిలబస్ టెన్షన్ నాకూ ఉంది సార్. కానీ పిల్లలు డైలాగులు బట్టీపట్టి, ఇంట్లో చీరలు అడిగి తెచ్చుకుని, "మేడం, నాటకం ఎప్పుడు?" అంటే ఏం చెప్పాలి? ప్రభుత్వం బడిపిల్లలకి పెట్టే కళల పోటీ, కళా ఉత్సవ్‌కి ఇద్దరు ముగ్గుర్ని పంపితే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. మిగతా వాళ్లు ఏం చేయాలి?

డబ్బుల్లేవు అంటారేమో. వేదం వెంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయం' నాటకం 1897 నాటిది. ఒక్కో పాత్ర ఒక్కో రకం తెలుగు మాట్లాడుతుంది, పిల్లలు పైకి చదవడానికి అంతకంటే ఏం కావాలి? అడివి బాపిరాజుగారు 1952లో పోయారు, ఆయన నవల 'గోన గన్నారెడ్డి'లో రుద్రమదేవి కాలం ఉంది. రచయిత పోయిన 60 ఏళ్ల తర్వాత కాపీరైటు ఉండదని మన చట్టమే చెబుతోంది. ఎవరికీ రాయల్టీ ఇవ్వక్కర్లేదు. ఏటా పాఠ్యపుస్తకాలు లక్షల్లో అచ్చు వేయిస్తున్నారు కదా, వాటితో పాటు పిల్లల ఈడుకి తగ్గట్టు కుదించి, కష్టమైన మాటలకి అర్థాలు వేసి ఒక సన్నపాటి పుస్తకం వేయించలేరా? కాగితం ఖర్చే కదా.

దయచేసి ఆ ఒకే టైటిల్ నిబంధన తీయించండి. క్లాసుకి ఒక పుస్తకం నలభై ప్రతులు ఇప్పించండి. లైబ్రరీ పీరియడ్‌ని లైబ్రరీ పీరియడ్‌గానే ఉంచమని ఒక్క ముక్క రాయించండి. నాటకానికి లైట్లు, మైకులు మేం అడగడం లేదు, సమయం అడుగుతున్నాం. పోయిన పుస్తకానికి టీచరు జీతం కోయరని ఒక ఉత్తర్వు ఇస్తే బీరువా తాళం నేనే తీస్తాను. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఇవన్నీ కుదరకపోతే, ప్రతులైనా పంపండి సార్. నలభై కాకపోతే ఇరవై.

ఇట్లు,
తొమ్మిదో తరగతి తెలుగు టీచరు,
విజయనగరం జిల్లా