ఆ తూకం మిషన్‌ను తరగతి గదిలోంచి తీయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బడిలో సైన్స్ టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఏటా రెండుసార్లు పిల్లల బరువు తూచి రిజిస్టర్‌లో ఎక్కించే బాధ్యత కూడా నాదే. ఆ పని ఎలా జరుగుతుందో మీ దాకా వచ్చి ఉండదు కాబట్టి చెబుతాను. బల్లలు పక్కకు జరిపి, గోడ వారగా మిషన్ పెడతాం. పిల్లలు హాజరు పట్టీ వరసలో నిలబడతారు. ఒక్కొక్కరు ఎక్కుతుంటే నేను అంకె పైకి చదువుతాను, క్లాస్ లీడర్ రాసుకుంటుంది. అంటే ప్రతి బిడ్డ బరువూ నలభై మంది ముందు చాటింపు వేస్తున్నట్టే.

మూడేళ్ల క్రితం ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి తన వంతు రాగానే బూట్లు విప్పింది. వాచీ తీసింది. జుట్టుకున్న చిన్న క్లిప్పు కూడా తీసి పక్క పిల్ల చేతిలో పెట్టింది. అప్పుడు ఎక్కింది. నేను అంకె చదివాను. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ‘సైలెన్స్’ అని నేను తర్వాతి పేరు పిలిచాను. ఆ క్లిప్పు ఎంత బరువుంటుందని తీసిందో ఆ పూట నాకు తట్టలేదు. ఇప్పుడు మాత్రం ఆ అమ్మాయి పేరు తలుచుకోగానే ముందు ఆ క్లిప్పే గుర్తొస్తుంది.

తర్వాతి నెలల్లో ఆమె మా అందరికీ ‘మంచి పిల్ల’ అయింది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే గ్రౌండ్‌లో పరుగు. ఎవరి పుట్టినరోజుకైనా చాక్లెట్లు పంచితే ‘వద్దు మేడమ్’ అనేది. స్టాఫ్ రూమ్‌లో మేం మెచ్చుకున్నాం. రెండోసారి తూచినప్పుడు అంకె బాగా తగ్గింది. నేను అందరూ వినేలా ‘వెరీ గుడ్’ అన్నాను. ఆ రెండు మాటలు వెనక్కి తీసుకోగలిగితే ఏమైనా ఇస్తాను. ఎండలు మండిపోతుంటే స్వెట్టర్ వేసుకుని వచ్చినప్పుడు కూడా నేను ‘చలి జ్వరమా?’ అని అడిగి ఊరుకున్నాను. ఒకరోజు మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని చెప్పి చేర్చుకున్నారు. అనోరెక్సియా నెర్వోసా, అంటే లావెక్కుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, ఆ పేరు వాళ్లమ్మ నోట మొదటిసారి విన్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు కోలుకుంటోంది, చదువుకుంటోంది. ఆమె, వాళ్లమ్మ ఇద్దరూ సరేనన్నాకే ఇదంతా రాస్తున్నాను. ఆమె బరువు ఎంతుండేదో, ఎంతకు తగ్గిందో మాత్రం రాయను. ఇలాంటి అంకెలు చదివి వాటితో పోటీ పడే పిల్లలు ఉంటారు.

మంత్రి గారూ, చాలామంది అనుకున్నట్టు ఇది కలవారి పిల్లల షోకు కాదు, మొండితనమూ కాదు. మానసిక జబ్బుల్లో ప్రాణం తీసేవాటి వరసలో అనోరెక్సియా ముందుంటుంది. కొందరిని ఆకలికి చిక్కిన గుండె తీసుకుపోతుంది, కొందరు ఆత్మహత్య చేసుకుంటారు. బులీమియా అనే తిండి జబ్బులో ఒక్కసారిగా ఎక్కువ తినేసి, ఆ తప్పు దిద్దుకోవాలని వాంతి చేసుకోవడం లాంటివి చేస్తారు. అదుపు తప్పి తినడం, ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం ఇంకో రకం. దాన్ని బింజ్ ఈటింగ్ అంటారు, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని విడి జబ్బుగా గుర్తించింది. ఈ జబ్బులు మగపిల్లలకూ వస్తాయి. వాళ్లలో చాలామందికి సన్నబడాలని కాదు, కండలు తేలాలని. అందుకే ఎవరికీ అనుమానం రాదు. చూడటానికి ఒళ్లు మామూలుగానే ఉన్న పిల్లల్లోనూ లోపల గుండె, ఎముకలు దెబ్బతింటూ ఉండొచ్చు. సన్నబడితేనే జబ్బు అనుకుని మేం ఎదురుచూస్తూ కూర్చుంటాం.

ఆ అమ్మాయి పడిపోయాక నేను చాలా చదివాను. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ల ఇష్టంతోనే, ఒక ప్రయోగానికి తీసుకున్నారు. దాదాపు ఆరు నెలలు వాళ్లకు అరకొర తిండి పెట్టారు. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివాళ్లు ఆ ఆరు నెలల్లో పూర్తిగా మారిపోయారు. పొద్దస్తమానం తిండి గురించే ఆలోచన, వంటల పుస్తకాలు పోగుచేయడం, పళ్లెం ముందు గంటలు గంటలు కూర్చోవడం, చలి, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. మళ్లీ తిండి పెట్టాక కూడా కొందరు చాలాకాలం అదుపు లేకుండా తిన్నారు. ఇది చదివాక నాకు ఒక విషయం అర్థమైంది. కడుపు మాడితే బుద్ధి కూడా మారుతుంది. ‘ఇంత తెలివైన పిల్లవి, తినేయొచ్చు కదా’ అని మేం ఆ అమ్మాయిని బతిమాలినప్పుడు, ఆ మాట వినాల్సిన బుద్ధే ఆకలితో ఉందని మాకు తెలియలేదు.

మరి ఆ కడుపు మాడ్చుకోవడం ఎక్కడ మొదలవుతుంది? చాలాసార్లు డైటింగ్‌తోనే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 14, 15 ఏళ్ల విద్యార్థులను మూడేళ్లపాటు గమనించి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. కఠినంగా డైటింగ్ చేసిన అమ్మాయిలకు, అసలు చేయనివాళ్లతో పోలిస్తే ఏదో ఒక తిండి జబ్బు వచ్చే అవకాశం 18 రెట్లు ఎక్కువ. ఒక మాదిరిగా చేసినవాళ్లకు 5 రెట్లు. డైటింగ్ చేసిన ప్రతి పిల్లకూ జబ్బు రాదు. వంశంలో ఉండటం, స్వభావం, ఇంటి టెన్షన్లు, ఏడిపింపులు కూడా కలుస్తాయి. ఎవరిలో అవి ఉన్నాయో మనకు ముందు తెలియదు కదా. అలాంటప్పుడు క్లాసులో నలభై మందికీ ఒకేసారి ‘తగ్గాలి’ అనే ఆలోచన ఎక్కించడం చీకట్లో రాయి విసరడమే.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఒళ్లు పెరిగిపోతున్న పిల్లల సంగతేమిటి, తూచకపోతే ఎలా అని. ఈ ప్రశ్నకు జవాబు వెతికి చూసినవాళ్లున్నారు. కాలిఫోర్నియాలో 79 బడుల్లో కొన్నిచోట్ల పిల్లలను తూచి ఇంటికి రిపోర్టు పంపారు, కొన్నిచోట్ల తూచి ఊరుకున్నారు, కొన్నిచోట్ల తూచనే లేదు. ఇంటికి రిపోర్టు పంపినందువల్ల పిల్లల బరువులో మార్పేమీ రాలేదు. తూచిన బడుల్లో మాత్రం తమ ఒంటి మీద తమకే అయిష్టం ఎక్కువ పెరిగింది. ఈ ఫలితాలు 2020 చివర్లో వెలువడ్డాయి. అంటే మేం బల్లలు జరిపి, ఒక పీరియడ్ పోగొట్టుకుని చేస్తున్న పని లావు పిల్లలకూ మేలు చేయదు, సన్నటి పిల్లలకూ చేయదు. లావు పిల్లల మాట ఎత్తారు కాబట్టి ఇంకొకటి. బరువు పేరుతో వెక్కిరింపులు పడ్డ పిల్ల చాలాసార్లు ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా ఎక్కువ తింటుంది, తగ్గదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. స్థూలకాయానికీ తిండి జబ్బులకూ దాదాపు ఒకే జాగ్రత్తలు చెప్పింది: పిల్లల చేత డైటింగ్ చేయించొద్దు, వాళ్ల బరువు గురించి మాట్లాడొద్దు, కుటుంబమంతా కలిసి కూర్చుని తినండి, బరువు పేరుతో వెక్కిరించొద్దు.

పిల్లల ఎదుగుదల చూడొద్దని నేను అనడం లేదు. ఎదిగే వయసులో బరువు పెరగకపోవడం, ఉన్నట్టుండి పడిపోవడం డాక్టరు చూడాల్సిన సంగతే. కానీ దాన్ని నర్సు చూడాలి, తలుపు వేసిన గదిలో చూడాలి, బిడ్డను అంకె కనబడకుండా నిలబెట్టి చూడాలి. ఒక్క రోజు అంకెతో పని లేదు, ఆ బిడ్డ ఎదుగుదల గీత ఎటు పోతోందో ముఖ్యం. తేడా ఉంటే తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలి, చీటీ రాసి బిడ్డ బ్యాగులో పెట్టి పంపకూడదు.

రెండోది, మా పాఠ్యపుస్తకం. అందులో ‘మంచి తిండి, చెడ్డ తిండి’ అని పట్టిక ఉంది. వారం రోజులు తిన్నవన్నీ రాసి కేలరీలు లెక్కగట్టి తెమ్మని ప్రాజెక్టు ఉంది. ఆ ప్రాజెక్టుకు ఆ అమ్మాయికి పదికి పది వేశాను. గళ్లు గీసి, రంగు పెన్సిళ్లతో ఎంత అందంగా రాసిందో! ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్లమ్మ నాకు ఒక నోటుపుస్తకం చూపించింది. ప్రాజెక్టు అయిపోయాక కూడా అవే గళ్లు, అదే పొందికైన రాత, నెలల తరబడి. చివరికొచ్చేసరికి గళ్లలో చాలావరకు సున్నాలే ఉన్నాయి. ఆ లెక్క నేర్పింది నేనే. దయచేసి ఆ ప్రాజెక్టు తీసేయించండి. ఆకలి ఎలా వేస్తుంది, ఎదిగే ఎముకలకు ఏం కావాలి, నెలసరి ఎందుకు ఆగిపోతుంది, ఫోన్‌లో కనిపించే ఒళ్లు ఎలా దిద్దినవి, ఇవి చెప్పించండి. మేం చెప్పగలం.

మూడోది, మాకు శిక్షణ. బడిలో బిడ్డను రోజుకు ఆరేడు గంటలు చూసేది మేమే. డబ్బా నిండుగా వెనక్కి వెళ్లడం, తిన్న వెంటనే బాత్రూమ్‌కు పోవడం, అందరికీ చెమటలు పడుతుంటే ఒక్కరికే చలి వేయడం, నలుగురితో కూర్చుని తినడానికి సాకులు చెప్పడం, జుట్టు ఊడటం, మాటిమాటికీ ‘నేను లావుగా ఉన్నానా’ అని అడగడం. ఇవన్నీ మా కళ్ల ముందే జరుగుతాయి. వీటిని చూస్తే ఏం అనుకోవాలో, ఎవరితో చెప్పాలో, పిల్లతో ఏం మాట్లాడకూడదో మాకు ఎవరూ చెప్పలేదు. ఒక పూట శిక్షణ చాలు. దాంతోపాటు మేం కబురు చేస్తే పట్టించుకునే ఒక కౌన్సెలర్, వాళ్లు పంపితే చేర్చుకునే ఒక వైద్యుడు ఉండాలి. ఎంత తొందరగా పట్టుకుంటే అంత తేలిగ్గా బయటపడతారు. లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో 1980లలో మొదలైన పద్ధతిలో తల్లిదండ్రులే బిడ్డకు పూటపూటా తినిపించే బాధ్యత తీసుకుంటారు, వైద్యులు వాళ్ల వెనక నిలబడతారు. ఆ అమ్మాయి తల్లి అదే చేసింది. రోజూ ప్రతి పూటా, ఏడుస్తున్న బిడ్డ పక్కన, పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవకుండా కూర్చుంది. తప్పు తల్లిదండ్రులదే అని వాళ్లను నిలదీసే అలవాటు ఇకనైనా మానాలి.

కొన్ని పనులు మీ ఒక్క శాఖతో కావని తెలుసు. అయినా మంత్రివర్గంలో అడగగలిగింది మీరే. న్యూయార్క్ రాష్ట్రంలో 2024 ఏప్రిల్ నుంచి 18 ఏళ్లు నిండనివాళ్లకు బరువు తగ్గించే మాత్రలు, కండలు పెంచే సప్లిమెంట్లు అమ్మకూడదు. నార్వేలో 2022 జూలై నుంచి, ప్రకటనల్లో ఒళ్లు దిద్దిన ఫొటో వాడితే ఆ సంగతి ఫొటో మీదే చెప్పాలి. టీనేజ్ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ ఒంటి మీద ఉన్న అసంతృప్తిని ఇన్‌స్టాగ్రామ్ ఇంకా పెంచుతోందని ఆ కంపెనీ లోపలి పరిశోధనే తేల్చినట్టు 2021లో బయటపడింది. ఇవి చేయొచ్చని చూపించిన దేశాలున్నాయి, చేయకపోతే ఏమవుతుందో చెప్పే కాగితాలూ ఉన్నాయి.

అన్నిటికంటే ముందు మాత్రం తూకం సంగతి. దానికి పైసా ఖర్చు లేదు, మీ సంతకం చాలు.

వచ్చే నెల మొదటి వారంలో మా బడిలో మళ్లీ తూకాలు. మిషన్ నా బీరువాలోనే ఉంది. పోయినసారి మాత్రం నేను దాన్ని లైబ్రరీ గదిలో పెట్టి, ఒక్కొక్కరినే పిలిచి, అంకె వైపు వీపు ఉండేలా నిలబెట్టి, మాట్లాడకుండా రాసుకున్నాను. మూడు రోజులు పట్టింది. రిజిస్టర్ ఆలస్యమైందని పైనుంచి వివరణ అడిగారు, రాసి ఇచ్చాను. ఈసారి ఆ వివరణ రాసే పని లేకుండా, వచ్చే నెల లోపు ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్